వార్డెన్ సంతకం

మాది బిచ్కుంద. మద్నూర్ దాటితే మహారాష్ట్ర. కరోనాలో ఆ సరిహద్దు దగ్గర చుట్టాలింటికి పోనీకుండా ఆపింది జెనీవా కాదు, మనవాళ్లే. అందుకే 2024లో సవరించిన అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలు మన స్వేచ్ఛను మింగేస్తాయని దోస్తులు అంటుంటే నాకంత భయం కలగదు. డబ్ల్యూహెచ్‌ఓ ఇచ్చేవి సిఫార్సులే.

నాకు గుర్తొచ్చేది ఖమ్మం. 2009లో అక్కడ 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేశారు. అమెరికా సంస్థ పాథ్‌ది ఆ ప్రాజెక్టు. పక్కన మన ఐసీఎంఆర్, మన రాష్ట్ర ప్రభుత్వం. టీకా మంచిదే కావచ్చు, అడగాలి కదా! ఎన్నో అంగీకార పత్రాల మీద అమ్మానాన్నల బదులు హాస్టల్ వార్డెన్ల సంతకాలు. 2013లో పార్లమెంటరీ కమిటీ గట్టిగానే తప్పుపట్టింది.

దోస్తులకు ఇదంతా చెప్పాను. "అది వేరే ముచ్చట" అన్నారు.