కోట గోడల లోపల ఒక గది

‘‘నయాగరా రెండుసార్లు చూశాను. ఇంక చాలు. నన్ను క్యూబెక్ తీసుకెళ్లండి’’ అంది అమ్మ, పప్పులో పోపు వేస్తూ.

తమ్ముడూ మరదలూ మొహమొహాలు చూసుకున్నారు. 2024 ఆగస్టు ఆఖరివారం అది. టొరంటోలో తమ్ముడింటికి నేను హైదరాబాద్ నుంచి మూడువారాల సెలవు మీద వెళ్లాను. అమ్మ అంతకు నాలుగు నెలల ముందే వెళ్లింది... మనవడిని చూసుకోవడానికి. పాలసీసాలు, ఉగ్గు, స్నానం, జోలపాట. ఆ నాలుగు నెలల్లో నాక్కావాలి అని ఆవిడ నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే.

ఎందుకు క్యూబెక్ అని నేను అడగలేదు. నాకు తెలుసు. అమ్మ ముప్ఫై ఏళ్లు పిఠాపురం చుట్టుపక్కల జిల్లా పరిషత్ హైస్కూళ్లలో సోషల్ చెప్పింది. సప్తవర్ష సంగ్రామం పాఠం వచ్చిందంటే బల్లమీద రెండు పటాలు గీసేది. ఒకటి మన కోస్తా, రెండోది కెనడా. ‘‘1758 డిసెంబరులో ఫ్రెంచివాళ్లు మన చందుర్తిలో ఓడారు. 1759 ఏప్రిల్లో మచిలీపట్నం పోయింది. అదే ఏడు సెప్టెంబరు 13న క్యూబెక్‌లో కూడా ఓడారు. యుద్ధం ఒకటేనర్రా, పొలాలు వేరు’’ అనేది. చందుర్తి అంటే మా గొల్లప్రోలు పక్కనే. ఓసారి పిల్లల్ని అక్కడికి నడిపించుకుంటూ తీసుకెళ్లింది కూడా. చేలు చూసి, జామకాయలు కొనుక్కుని తిరిగొచ్చారట. ఆ రెండో పొలం మాత్రం సుద్దముక్క గీతగానే ఉండిపోయింది.

తమ్ముడికి సెలవు లేదు. కాబట్టి తీసుకెళ్లే పని నాది. రైలు టిక్కెట్లు వాడు కొంటానన్నాడు. మిగతాది అమ్మ ఒప్పుకోలేదు. ‘‘ఉండటం, తినటం నా పెన్షన్లోంచే’’ అని నా ఖాతాలోకి నలభై వేలు పంపించింది. కెనడా డాలరు అప్పట్లో అరవై రూపాయలు దాటి ఉంది. లెక్కేస్తే 650 డాలర్లు. ఇద్దరికి, మూడు రాత్రులకి!

ఆ రాత్రి తమ్ముడు వంటింట్లోకి వచ్చి గొంతు తగ్గించి, ‘‘అక్కా, ఇంకో మూడొందలు నీ దగ్గరుంచు. మంచి హోటల్ చూడు. అమ్మకి చెప్పకు’’ అన్నాడు. తీసుకున్నాను. అబద్ధమెందుకు, ఆ క్షణాన హాయిగానే అనిపించింది.

* * *

క్యూబెక్‌లో గది వెతకడమంటే ముందు ఆ ఊరి ఆకారం అర్థం చేసుకోవాలి. సెయింట్ లారెన్స్ నది సన్నబడే చోట కొండ, కొండ మీద పై ఊరు, కొండకింద నది ఒడ్డున కింది ఊరు. 1608లో శామ్యూల్ ద షాంప్లేన్ కింది ఊళ్లోనే మొదట ఇళ్లు కట్టాడు. పై ఊరి చుట్టూ సుమారు నాలుగున్నర కిలోమీటర్ల కోటగోడ ఇప్పటికీ నిలిచే ఉంది. మెక్సికోకి ఉత్తరాన అమెరికా ఖండంలో ఇలా గోడ మిగిలిన నగరం ఇదొక్కటే. 1985లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. అంటే, అందరూ ఆ గోడ లోపలే ఉండాలనుకుంటారు. అద్దెలు కూడా అలాగే ఉంటాయి.

మామూలు మనుషులకి దారి సెంట్-ఫ్వా. గోడకి పడమరగా, బస్సులో అరగంట పైచిలుకు. పెద్ద రోడ్డు పక్కన మోటళ్లు, లిఫ్టులు, కారు పెట్టుకోవడానికి చోటు. నాకు 119 డాలర్ల గది కనబడింది. అక్కడే లావల్ విశ్వవిద్యాలయం వసతిగృహాలున్నాయి. వేసవిలో ప్రయాణికులకి అద్దెకిస్తారు. కానీ మేం వెళ్లేది సెప్టెంబరు. పిల్లలు తిరిగొచ్చేసే కాలం.

రోజులూ ధరల్ని మారుస్తాయి. జులైలో సంగీతోత్సవం, ఫిబ్రవరిలో మంచు కార్నివాల్, సెప్టెంబరు చివర్నుంచి ఆకులు ఎర్రబారే సీజను... అప్పుడు జేబు పట్టుకుని కూర్చోవాల్సిందే. మాకు అదృష్టం ఎలా కలిసొచ్చిందంటే, అమ్మకి 13వ తేదీ పొద్దున ఆ మైదానంలో ఉండాలి. ఆ ఏడు 13 శుక్రవారం పడింది. మంగళ, బుధ, గురువారాలు రాత్రులుండి శుక్రవారం మధ్యాహ్నం రైలెక్కేస్తే వారాంతపు రేట్లు మాకు తగలవు.

తగిలింది పన్ను. తెరమీద కనబడే ధర ఉత్త ధరే. దానిమీద బస పన్ను మూడున్నర శాతం, కేంద్ర పన్ను 5, రాష్ట్రపు పన్ను 9.975. అన్నీ కలిపితే వంద డాలర్ల గది 119 అవుతుంది. ఆ మొదటి రాత్రి నేను వేసిన లెక్కలన్నీ పన్ను లేకుండా వేసినవే. పొద్దున్నే అమ్మ నా కాగితం చూసి, ‘‘ఇందులో టాక్సేదే?’’ అంది. సోషల్ చెప్పినా లెక్కలు ఆవిడవే.

ఇంక భాష. మన ఊళ్లో హోటలంటే ఇడ్లీ దొరికే చోటు. పడుకోవాలంటే లాడ్జికి వెళ్లాలి. అక్కడ ఇంకో తమాషా. ఓటెల్-ద-విల్ అంటే పురపాలక భవనం. ఓటెల్-దియూ అంటే ఆసుపత్రి. ఓటెల్ దు పార్లమాన్ అంటే శాసనసభ. పటంలో ‘ఓటెల్’ అని ఉన్నవన్నీ గుర్తుపెట్టుకుంటూ పోయిన నేను, మొదటి గంటలో ఓ ఆసుపత్రికీ మున్సిపాలిటీకీ అద్దెలు వెతికాను! పైగా ఆ ఆసుపత్రి సన్యాసినులు 1639లో ఫ్రాన్స్ నుంచి ఓడెక్కి వచ్చినవాళ్లు. వాళ్ల మఠంలో కొంత భాగం 2015 నుంచి నిజంగానే బసగా మారింది. సన్యాసినుల చిన్న గదులే అద్దెకిస్తారు. అమ్మకి తెగ నచ్చింది. మా 650కి అందలేదు.

మూడో రాత్రి దొరికింది మా గది. గోడ లోపలే. పాత రాతి ఇల్లు, పది పన్నెండు గదులు, 135 డాలర్లు. ఫొటోలో కిటికీ... కిటికీలోంచి రాగిరేకుల పచ్చటి కప్పులు, వాటి వెనక నది. ‘దెజ్యునే కలిపి’ అని రాసుంది. నా ఫోను దాన్ని మధ్యాహ్న భోజనమని అనువదించింది. భోజనం కూడానా అని ఎగిరి గంతేశాను. (ఫ్రాన్స్‌లో అది మధ్యాహ్న భోజనమే. క్యూబెక్‌లో దెజ్యునే అంటే పొద్దుటి ఫలహారం, దీనే అంటే మధ్యాహ్నానిది, సూపే అంటే రాత్రిది. ఈ ముక్క ముందే తెలిసుంటే బాగుండేది.) మూడు రాత్రులకి పన్నుతో 482. రద్దు చేస్తే డబ్బు తిరిగిరాదన్న షరతుకి ఇంకాస్త తగ్గింపుతో వచ్చిన ధర అది. కట్టేశాను.

పొద్దున అమ్మకి ఫొటో చూపించాను. చాలాసేపు చూసింది. ‘‘బావుందే. మెట్లెన్ని?’’ అంది.

నా గుండె జారింది. అమ్మకి అంతకుముందు సంవత్సరమే కుడి మోకాలి చిప్ప మార్చారు. మళ్లీ పేజీ తెరిచి కింద చిన్న అక్షరాలు అనువదించి చూస్తే... మూడో అంతస్తు, లిఫ్టు లేదు. పాత క్యూబెక్ ఇళ్లు చాలావరకూ అంతే. నిటారుగా, ఇరుగ్గా ఉండే చెక్కమెట్లు. కిటికీ అంత బావుందంటే అంత ఎత్తున ఉందన్నమాట. ఇంత చిన్న విషయం నాకెందుకు తట్టలేదు?

తమ్ముడిచ్చిన మూడొందలు గుర్తొచ్చాయి. కట్టిన 482 వదులుకుని, ఆ డబ్బుకి నా జీతంలోంచి ఇంకొంచెం కలిపి, లిఫ్టున్న గది తీసుకుని, ‘వాళ్లే మార్చారమ్మా, అదే ధరకి’ అనేస్తే సరి. ఆవిడకెలా తెలుస్తుంది? అరగంట అటూ ఇటూ తిరిగాను. ఆవిడ హాల్లో పిల్లాణ్ణి ఒళ్లో పడుకోబెట్టుకుని, పాత డైరీలో నా కాగితంలోని లెక్కలు ఎక్కించుకుంటోంది. అది చూశాక ఇంక అబద్ధం నోట్లోంచి రాలేదు. చెప్పేశాను. తమ్ముడి మూడొందల సంగతి కూడా.

నవ్వలేదు, కోప్పడలేదు. ‘‘వాడి డబ్బులు వాడికిచ్చెయ్. హోటలువాళ్లకి ఫోను చెయ్యి. కాళ్లు నొప్పులమ్మా అంటే వినని మనుషులుంటారా ఎక్కడైనా?’’ అంది.

‘బోంజూర్’ ఒక్కటి నేర్చుకుని ఫోను చేశాను. అటువైపు పెద్దావిడ గొంతు. నా ఆంగ్లమూ ఆవిడ ఆంగ్లమూ కాసేపు తడుముకున్నాయి. డబ్బు తిరిగివ్వరట, కచ్చితంగా చెప్పింది. కానీ కింద ఓ గదుంది, సగం నేలలో, సగం పైన. మూడు మెట్లు దిగితే చాలు. కిటికీ చిన్నది, ఏమీ కనబడదు, అందుకే ఎవరూ అడగరు అంది. ‘‘అమ్మా, కిటికీలోంచి ఏమీ కనబడదట’’ అన్నాను ఫోను చేత్తో మూసి.

‘‘కిటికీలోంచి చూడ్డానికా వెళ్తోంది?’’ అంది అమ్మ.

* * *

రైలు మాంట్రియల్‌లో మారి, రాత్రికి క్యూబెక్ చేరాం. స్టేషను కింది ఊళ్లో ఉంటుంది. పటంలో మా బస పది పన్నెండు నిమిషాల నడకే. పటం చదునుగా ఉంటుంది, ఊరు ఉండదు. సామానుతో ఆ ఎగువ ఎక్కడం ఆరోగ్యవంతులకే కష్టం. టాక్సీకి డబ్బు తీసిపెట్టుకోండి, ఎవరు వెళ్లినా.

గది... నిజం చెప్పాలంటే చీకటిగానే ఉంది. వేడినీళ్ల గొట్టం రాత్రంతా టక్ టక్ మంటూ ఉంది. కిటికీ సరిగ్గా కాలిబాట ఎత్తున. అందులోంచి బూట్లు, పెట్టెల చక్రాలు, కుక్క కాళ్లు కనబడతాయి. అమ్మ పొద్దున్నే కాఫీ కప్పుతో అక్కడే కూర్చునేది. ‘‘ఈ చెప్పులవాడు నిన్న కూడా ఇదే టైముకెళ్లాడు’’ అని నాకు నివేదికలు. ఎదురుగా ఆగిన కారు వెనక నంబరు పలక మీద ‘జ మ సువియాఁ’ అని ఉంది. అన్ని కార్లకీ అదే. ఏంటని అడిగింది. ‘నాకు గుర్తుంది’ అని అర్థం. 1978 నుంచి ఆ రాష్ట్రపు పలకలన్నిటి మీదా అదే రాస్తున్నారు. ‘‘ఏం గుర్తుందో చెప్పలేదేం?’’ అని, మళ్లీ బూట్లు చూడ్డంలో పడిపోయింది.

తిండికి పులిహోర, కందిపొడి, చేగోడీలు టొరంటో నుంచే మోశాం. హోటళ్లలో రాత్రికన్నా మధ్యాహ్నం పూట భోజనం చవక. అక్కడి పేరున్న వంటకం పుతీన్. వేయించిన బంగాళాదుంప ముక్కల మీద జున్నుగడ్డలు, గోధుమరంగు పులుసు. ఆ పులుసు మాంసపు రసంతో చేస్తారు సాధారణంగా. అమ్మ మాంసం తినదు. అడిగి పులుసు లేకుండా తెప్పిస్తే, ‘‘ఆలూ వేపుడే కదా ఇది’’ అని కొట్టిపారేసింది.

కొండంచున షాటో ఫ్రాంటెనాక్. గోపురాలూ బురుజులూ చూసి ఎవరైనా కోటే అనుకుంటారు. కాదు, రైలు కంపెనీ 1893లో తెరిచిన హోటల్! 1943, 44లలో చర్చిల్, రూజ్‌వెల్ట్ యుద్ధ సమావేశాలకి ఈ ఊరే వచ్చారు. ఆ గదుల అద్దె నేను అమ్మకి చెప్పలేదు. దాని ముందున్న చెక్క వసారా మీద బెంచీలకి అద్దె లేదు. అక్కణ్నుంచి కింది ఊరికి ‘మెడ విరిగే మెట్లు’ అనే పేరున్న మెట్లున్నాయి. పక్కనే 1879 నుంచీ నడుస్తున్న కొండరైలు పెట్టె. మేం పెట్టెలోనే దిగాం. కింద నుంచి లేవీకి పడవ. ఆ కొద్ది డాలర్ల పడవలోంచి కొండ, కోట, హోటలు అన్నీ ఒక్క చూపులో కనబడతాయి. ‘‘వంతెన రాకముందు యానాం వెళ్లేటప్పుడు పంటు ఇలాగే ఉండేది’’ అంది అమ్మ కమ్మీ పట్టుకుని. ‘‘అక్కడా వీళ్లే.’’

శుక్రవారం పొద్దున సామాను ఆ పెద్దావిడ దగ్గర వదిలి బస్సెక్కాం. అబ్రహాం మైదానం ఇప్పుడు పెద్ద పార్కు, 1908 నుంచీ. పరుగులు తీసేవాళ్లు, పిల్లల బళ్లు, కుక్కలు. జనరల్ వుల్ఫ్ చనిపోయినచోట ఓ స్తంభముంది. అమ్మ దాని దగ్గర నిలబడి గడియారం చూసుకుంది. పది కావస్తోంది. ‘‘ఇదే టైము’’ అంది. ఇంక మొదలుపెట్టింది... రాత్రికి రాత్రి ఇంగ్లిషు సైనికులు ఎటు నుంచి కొండెక్కారో, తెల్లారి లేచి చూసిన మోంకాల్మ్ ఎందుకు తొందరపడ్డాడో, అరగంటైనా పట్టని ఆ పోరులో ఇద్దరు సేనానులకీ గుళ్లెలా తగిలాయో. వుల్ఫ్ అక్కడికక్కడే పోయాడు. మోంకాల్మ్ మర్నాడు. చేత్తో గాలిలో గీస్తూ చెబుతోంది, సుద్దముక్క ఉన్నట్టే. దారినపోతున్న ఇద్దరు ముసలివాళ్లు ఆగారు. తెలుగు ఒక్క ముక్క అర్థం కాకపోయినా చివరిదాకా విన్నారు. అయ్యాక ఆయన టోపీ తీసి తల వంచాడు.

అమ్మ కాసేపు గడ్డి మీద కూర్చుంది. లేవడానికి నా చెయ్యి కావాల్సొచ్చింది. ‘‘మన చందుర్తి కన్నా చిన్నదేమో అనుకునేదాన్ని’’ అంది, ఇంకేం అనలేదు.

తిరుగు రైల్లో డైరీ తీసింది. గది 482. టాక్సీలు 31. పడవ, బస్సులు, పెట్టె 26. తిండి 74. మనవడికి బొమ్మ 12. మిగిలింది 25. రెండుసార్లు కూడి చూసుకుని, గది బిల్లు నాలుగు మడతలు పెట్టి ఆ పేజీలో దోపింది. పేజీ పైన గీత గీసి ఏదో రాసుంటే తొంగిచూశాను. ‘సొంత ఖర్చు’ అని ఉంది.