ఎప్పుడైనా తినవచ్చు, కాని ఎవరితో?

ఆకలి అందరికీ ఒక్కటే. ఆ ఆకలికి వేళను నిర్ణయించేవారు మాత్రం చోటును బట్టి మారుతుంటారు. మదరసాలో గంట నిర్ణయిస్తుంది. రమజాన్ మాసంలో సూర్యుడు నిర్ణయిస్తాడు. పెళ్ళింట వంటవాడు నిర్ణయిస్తాడు. సేద్యగాని ఇంట పొలం పని నిర్ణయిస్తుంది. మూడు దశాబ్దాలుగా మదరసా గంటకు లోబడి, ఒకే పెద్ద పళ్ళెం చుట్టూ విద్యార్థులతో కూర్చుని భుజించడం అలవాటైన మాకు, వేళను నిర్ణయించే అధికారాన్ని పూర్తిగా తినేవారికే అప్పగించిన భోజనశాలను గత శీతాకాలంలో చూసే అవకాశం కలిగింది. అది నేల మీది భోజనశాల కాదు, సముద్రం మీద సాగిపోయే ఒక విహార నౌకలోనిది.

మా పెద్దబ్బాయి షార్జాలో ఉద్యోగం చేస్తున్నాడు. వెళ్ళి పదకొండేళ్ళయింది. రెండేళ్ళకొకసారి ఒక నెల సెలవు మీద వస్తాడు. ఆ నెలలో సగం బంధువుల ఇళ్ళకూ, ఆసుపత్రులకూ, కార్యాలయాలకూ పోతుంది. ఈసారి తానే మమ్మల్ని రప్పించుకుని, దుబాయి నుండి బయలుదేరి అబూదాబీ, దోహా, బహ్రెయిన్ చుట్టి వచ్చే ఏడు రాత్రుల ప్రయాణానికి టికెట్లు తీసుకున్నాడు. అతడు, మా కోడలు, తొమ్మిదేళ్ళ మనుమరాలు, అయిదేళ్ళ మనుమడు, మేమిద్దరం, వెరసి ఆరుగురం. ఇంత పెద్ద ఓడలో మన జీవన విధానానికి పొసగని వినోదాలు లేకపోలేదు. వాటి దారిన అవి ఉంటాయి, మన దారిన మనం ఉండవచ్చు. మా ఆలోచనను నిలిపినది భోజనాల ఏర్పాటు.

పూర్వం నుండి వస్తున్న పద్ధతి మన పెళ్ళి భోజనాల వంటిదే. ఓడలోని పెద్ద భోజనశాలలో ప్రయాణికులందరూ ఒకేసారి కూర్చోవడానికి చోటు చాలదు. కాబట్టి సాయంత్రం ఆరు గంటల ప్రాంతంలో మొదటి బంతి, ఎనిమిదిన్నర ప్రాంతంలో రెండో బంతి ఉంటాయి. ప్రయాణం పొడుగునా ప్రతివారికీ అదే వేళ, అదే బల్ల, పక్కన అవే ముఖాలు, వడ్డించడానికి అదే మనిషి. నచ్చిన వేళకు తినే సౌకర్యం ఒకప్పుడు డబ్బున్నవారికే దక్కేది. 1905లో జర్మనీకి చెందిన 'అమెరికా' అనే ఓడలో, అదనపు రుసుము చెల్లించగలవారి కోసం రిట్జ్ పేరుతో ప్రత్యేక భోజనశాలను ఏర్పరచారు. దానిని సామాన్య ప్రయాణికులందరికీ విస్తరించినది నార్వేజియన్ క్రూయిజ్ లైన్. 2000 సంవత్సరంలో ఆ సంస్థ 'ఫ్రీస్టైల్ క్రూజింగ్' పేరుతో బంతుల పద్ధతిని తొలగించింది. ఆ తరువాత ప్రిన్సెస్ వారు 'ఎనీటైమ్ డైనింగ్' అనీ, రాయల్ కరీబియన్ వారు 'మై టైమ్ డైనింగ్' అనీ, కార్నివాల్ వారు 'యువర్ టైమ్ డైనింగ్' అనీ పేర్లు పెట్టి, పాత పద్ధతికి తోడుగా దీనిని కూడా ప్రవేశపెట్టారు.

మన పెద్దలకు ఓడ ప్రయాణమంటే హజ్ ప్రయాణమే. బొంబాయి నుండి జిద్దాకు హాజీలను చేరవేసే ఓడలు 1995 వరకు నడిచాయి. 1960లలో అలా వెళ్ళివచ్చిన మా తాతగారు, గంట మోగగానే ఒక్కో ఊరి జట్టు ఒక్కో దస్తర్‌ఖాన్ పరచుకుని కూర్చునేదని చెప్పేవారు. ఆయన మక్కా, మదీనాల సంగతులు చెప్పేటప్పుడు ఆ జట్టులోని వారి పేర్లు కూడా తప్పక వచ్చేవి. పక్కన కూర్చుని తిన్నవాని పేరును మనిషి నలభై ఏళ్ళు గుర్తు పెట్టుకుంటాడన్నమాట.

ఇక ఈ కొత్త ఏర్పాటు నడిచే తీరు ఇది. రాత్రి భోజనశాల మూడు నాలుగు గంటలపాటు తెరచి ఉంటుంది. ముందుగా రిజర్వేషన్ అవసరం లేదు. ద్వారం వద్ద నిలిచిన ఉద్యోగినికి ఎంతమందిమో చెబితే చాలు, ఖాళీ ఉన్న బల్లకు తీసుకువెళతారు. ఖాళీ లేకుంటే ఒక చిన్న పరికరాన్ని చేతికిస్తారు. బల్ల సిద్ధం కాగానే అది కదిలి శబ్దం చేస్తుంది. కొన్ని ఓడల్లో ఫోనుకే సందేశం వస్తుంది. ఏడు నుండి ఎనిమిది గంటల మధ్య రద్దీ ఎక్కువ. అంతకు ముందు వచ్చినా, తరువాత వచ్చినా వేచి ఉండే పని తక్కువ. ఇది గాక, ఎవరి పళ్ళెంలో వారు వడ్డించుకునే బఫే రోజులో చాలా భాగం నడుస్తూనే ఉంటుంది.

ఈ స్వేచ్ఛలోని మేలును ముందుగా చెప్పడం న్యాయం. జనవరిలో దుబాయి తీరాన ఆరు గంటలకు కొద్దిగా ముందు సూర్యాస్తమయం అవుతుంది. మొదటి బంతికి కట్టుబడినవారు మగ్రిబ్ నమాజ్ ముగించి పరుగు తీయాలి, ఆలస్యమైతే బల్ల మీది తోటివారు తమ కోసం కాచుకుని ఉంటారు. రెండో బంతి నాటికి పసివాళ్ళు నిద్రలో తూలుతుంటారు. పైగా దోహా, బహ్రెయిన్‌ల గడియారం దుబాయి కంటే ఒక గంట వెనుక. మా ఓడలోనూ గడియారాలను ఆ మేరకు జరిపారు. దానితో అస్తమయం అయిదు గంటల ప్రాంతానికి వచ్చింది. ఓడ గడియారం జరిగినా నమాజ్ వేళ ఆకాశాన్ని బట్టే నడుస్తుంది కదా! ఇటువంటి చోట, పావుగంట అటూ ఇటూ అయినా ఎవరికీ ఇబ్బంది కలగని ఏర్పాటు మా వంటివారికి గొప్ప వెసులుబాటు. వడ్డించిన భోజనం ఎదుట ఉండగా నమాజ్‌కు పిలుపు వస్తే ముందు భోజనం ముగించమని మహాప్రవక్త (సఅసం) అనుమతించిన సంగతి మనకు తెలిసినదే. ఆకలి మీద మనసు పెట్టుకుని నిలబడే నమాజ్‌కూ, నమాజ్ మీద ఆందోళనతో మింగే ముద్దకూ ధర్మం మనలను బలవంతపెట్టలేదు.

అయితే స్వేచ్ఛకు తనదైన ఖర్చు ఉంది. మొదటి ఖర్చు హలాల్ విషయంలో కనబడింది. మేము చేపలు, కూరలతో సరిపెట్టుకోవాలని ముందే నిశ్చయించుకున్నాము. అంతమాత్రాన విచారణ తప్పదు. ఈ పులుసులో వైన్ కలిసిందా? ఈ తీపి పదార్థంలో జిలాటిన్ ఉందా? దాని మూలం ఏమిటి? పాత పద్ధతిలో రోజూ అదే మనిషి వడ్డిస్తాడు గనుక మొదటి రాత్రి చెబితే చాలు, మరునాటి నుండి తానే గుర్తుంచుకుంటాడు. బల్ల మారితే మనిషి మారతాడు, ప్రతి సాయంత్రం కథ మొదటికి వస్తుంది. మూడవ రోజుకు ఉపాయం దొరికింది. ద్వారం వద్ద ఫలానా వారు వడ్డించే వరుసలోనే కూర్చుంటామని కోరవచ్చు, ఖాళీని బట్టి ఆ కోరికను మన్నిస్తారు. అలా మాకు ఇండొనేషియాకు చెందిన ఒక యువకుడు కుదిరాడు. సలాం చెప్పి పలకరించాడు. మరునాటి వంటకాల పట్టికను ముందు రాత్రే తెచ్చి చూపించి, మాకు తగినవాటిని వంటశాలకు తెలియజేసేవాడు.

రెండవ ఖర్చు పెద్దది. ఇద్దరికి బల్ల త్వరగా దొరుకుతుంది. ఆరుగురికి దొరకాలంటే వేచి ఉండాలి. మొదటి రాత్రి ద్వారం వద్ద, "ఇద్దరిద్దరుగా కూర్చుంటే ఇప్పుడే చోటుంది" అని మర్యాదగానే చెప్పారు. పిల్లలకు ఆకలి. కోడలు వారిని బఫేకు తీసుకువెళ్ళింది. అబ్బాయికి ఫోను మీద కార్యాలయం పని పడింది, తొమ్మిది గంటలకు వెళ్ళి తిన్నాడు. మేమిద్దరం కిటికీ పక్కన చిన్న బల్ల వద్ద కూర్చున్నాము. రెండవ రాత్రి కూడా ఇంచుమించు అంతే. ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. ఎవరూ ఎవరినీ వదిలి పోలేదు. అందరూ సుఖంగానే తిన్నారు. ఎవరి వేళ వారిదైతే ఇల్లు ఎంత నిశ్శబ్దంగా విడిపోతుందో అప్పుడు కనబడింది.

మూడవనాటి ఉదయం మా అర్ధాంగి కొడుకుతో మెల్లగా అన్నది: "బేటా, ఓడ చూపిస్తానని తెచ్చావు. చూశాను, చాలా బాగుంది. నువ్వు తింటుండగా మాత్రం ఇంతవరకు చూడలేదు."

అబ్బాయి కాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఈ రోజు నుండి మగ్రిబ్ కాగానే అందరం ద్వారం దగ్గర కలుద్దాం అమ్మీ" అన్నాడు.

ఇక్కడ ధర్మం ఏమంటున్నదో విచారించడం అవసరం. కలిసి తిన్నా, విడివిడిగా తిన్నా దోషం లేదని దివ్య ఖుర్ఆన్ నూర్ సూరాలోని 61వ ఆయతు విశాలమైన అనుమతినిస్తున్నది. కాబట్టి ఒంటరిగా తినేవానిని నిందించే హక్కు మనకు లేదు. రాత్రి పని చేసేవాడు, రోగి, ప్రయాణికుడు తమ వేళకు తాము తింటారు. మరొక వైపు, ఎంత తిన్నా కడుపు నిండడం లేదని కొందరు సహాబాలు విన్నవించుకున్నప్పుడు, మీరు బహుశా వేరువేరుగా తింటున్నారేమోనని దైవప్రవక్త (సఅసం) అడిగి, కలిసి కూర్చుని అల్లాహ్ పేరు తలచి తినమని, అందులో శుభం కలుగుతుందని బోధించిన ఉదంతం అబూ దావూద్ సంకలనంలో ఉంది. అనుమతి ఒక మెట్టు, శుభం దానిపై మెట్టు. అనుమతి ఉన్నదని పై మెట్టు ఎక్కడం మానుకోవలసిన పని లేదు.

ఆ సాయంత్రం నుండి మా క్రమం ఇలా సాగింది. గదిలో మగ్రిబ్ జమాఅత్ చేసుకుని, రద్దీకి ముందే, ఆరుంబావుకు ద్వారం వద్దకు చేరేవాళ్ళం. ఆ వేళకు ఆరుగురికి బల్ల కష్టం లేకుండా దొరికేది. అదే వరుస, అదే యువకుడు. మనుమడు బిస్మిల్లాహ్ బిగ్గరగా చెప్పేవాడు. అబ్బాయి ఫోను జేబులోనే ఉండేది. తన ఉద్యోగం గురించి పదకొండేళ్ళలో ఫోనులో చెప్పని మాటలు ఆ అయిదు రాత్రులలో చెప్పాడు. తొలినాళ్ళలో ఒకే గదిలో ఎనిమిది మందితో ఉన్న సంగతి, వంట వంతుల సంగతి, ఒక ఈద్ నాడు ఒంటరిగా రొట్టె తిన్న సంగతి. వాళ్ళమ్మ వింటూ అతని పళ్ళెంలో చేప ముళ్ళు తీసి పెట్టింది. ముప్ఫై ఎనిమిదేళ్ళ కొడుకు వారించలేదు.

ఈ స్వేచ్ఛ భారాన్ని మోసేవారిని కూడా తలచుకోవాలి. మనకు వేళ లేకపోవడమంటే వడ్డించేవారికి విరామం లేకపోవడమే. బంతి పద్ధతిలో రెండు బంతుల నడుమ కాస్త తెరపి ఉంటుంది. ఇందులో ఒక బల్ల లేస్తుండగానే మరొక బల్ల కూర్చుంటుంది. పూర్వం ఆఖరి రాత్రి ప్రయాణికులు తమకు వడ్డించిన మనిషి చేతికి కవరులో బహుమానం ఇచ్చేవారు. వడ్డించే చేతులు రోజూ మారడం మొదలయ్యాక, చాలా ఓడల్లో దానిని మనిషికి రోజుకు ఇంత అని లెక్కగట్టి బిల్లులోనే చేర్చి, సిబ్బందికి పంచుతున్నారు. లెక్క సరిపోతుంది, కాని కృతజ్ఞత బిల్లుతో తీరదు. వండి తెచ్చిన సేవకుణ్ణి పక్కన కూర్చోబెట్టుకోమని, అది వీలుపడకుంటే ఒకటి రెండు ముద్దలైనా అందించమని మన ప్రవక్త (సఅసం) నేర్పారు. ఓడ నియమాలు ఆ యువకుణ్ణి మా బల్ల వద్ద కూర్చోనివ్వవు. పేరు పెట్టి పిలవడం, మూసే వేళ దాటి కూర్చోకపోవడం, తినగలిగినంతే అడగడం, ఇవి మన చేతిలోనివి. నెలల తరబడి ఇంటికి దూరంగా ఉన్న అతడు తన తల్లి ఫోటోను మా అర్ధాంగికి చూపించినప్పుడు, ఆమె అతని కోసం చేసిన దువా ఏ బిల్లులోనూ చేరలేదు.

పాఠకులలో ఓడ ఎక్కేవారు కొందరే ఉండవచ్చు. కాని ఓడలోని భోజనశాల ఇప్పుడు మన ఇళ్ళలోకే వచ్చింది. ఒకరు ట్యూషన్ నుండి, ఒకరు షిఫ్టు నుండి, ఒకరు దుకాణం నుండి వస్తారు. అన్నం వేడిగా ఉంచే గిన్నెలున్నాయి, ఆర్డరు చేస్తే గుమ్మం దాకా తెచ్చేవారున్నారు. ఎప్పుడైనా తినవచ్చు. ఈ వెసులుబాటు అల్లాహ్ అనుగ్రహమే, దీనిని తోసిపుచ్చమని మేము అనము. రోజులో మూడు పూటలూ కలవడం కుదరకుంటే ఒక్క పూటను ఎంచుకోండి. దానిని గడియారంతో కాక నమాజ్‌తో ముడివేయండి, అది ఊరు మారినా, ఋతువు మారినా తప్పిపోదు. ఆ పూట ఆలస్యంగా వచ్చేవారి కోసం పది నిమిషాలు ఆగండి. ఆగే మనుషులు ఉన్నారని తెలిసిన బిడ్డ ఎంత దూరం పోయినా ఆ వేళకు ఇంటి వైపు చూస్తాడు.

దయామయుడైన అల్లాహ్ మన దస్తర్‌ఖాన్లను విశాలం చేయుగాక! వాటి చుట్టూ మనవారిని కూర్చోబెట్టుగాక! ఆమీన్.