సూర్యలంక బండి చుండూరు మీదుగా వెళ్తుంది



ఈ సంక్రాంతి సెలవులకి పిల్లల్ని సముద్రానికి తీసుకెళ్దామని ఇప్పుడే అనుకున్నాం. ఇంత ముందుగా ఎందుకంటే, రైల్వేవాళ్ళు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తున్నారు. పండగ బెర్తులు తెరిచిన నిమిషాల్లోనే అయిపోతాయి. స్టాఫ్ రూంలో మాట బయటపెట్టగానే తలా ఒక సలహా ఇచ్చారు. ఒకరు విశాఖ, అరకు అన్నారు. ఇంకొకరు అంతర్వేది వెళ్తే స్వామి దర్శనం, సముద్రం రెండూ అయిపోతాయన్నారు. బాపట్ల, చీరాల వెళ్తున్నామంటే "అక్కడేముందండీ?" అన్నారు.

ఏముందో చెప్పడానికే ఈ వారం పోస్టు.

తెలుగులో యాత్రాసాహిత్యం పాఠం ఏనుగుల వీరాస్వామి 'కాశీయాత్ర చరిత్ర'తో మొదలుపెడతాం. ఆయన 1830 మే నెలలో చెన్నపట్నంలో బయల్దేరి, 1831 సెప్టెంబర్లో తిరిగొచ్చాడు. మజిలీ మజిలీకీ నీళ్ళెక్కడున్నాయి, అంగళ్ళెన్ని, బ్రాహ్మల ఇళ్ళెన్ని అని ఓపిగ్గా రాసుకున్నాడు. గొప్ప పుస్తకమే, కాదనను. ఏటా ఇష్టంగానే చెప్తాను. అయితే ఆయన పల్లకీ మోసినవాళ్ళు కూడా దారి పొడుగునా ఉన్నారు కదా. భుజం మార్చుకుంటూ నడిచినవాళ్ళు ఆ దారి గురించి ఏమనుకున్నారో మనకి తెలీదు. పరీక్షల్లో ఆ ప్రశ్న రాదు.

మనవాళ్ళూ ప్రయాణాలు చేశారు. నాట్లకీ కోతలకీ, కాలవ తవ్వకాలకీ, రంగానికీ. మా అమ్మమ్మ ఏటా బాపట్ల దగ్గర పల్లె నుంచి చీరాలకి పొగాకు గ్రేడింగుకి పోయేది. సముద్రానికి అంత దగ్గర్లో పుట్టి పెరిగిన మనిషి, ఏనాడూ అలల్లో కాళ్ళు తడుపుకోలేదు. ఎందుకు పోలేదే అంటే "అక్కడ పనేముంది?" అనేది. పని లేకుండా ఒక చోటికి పోవచ్చనే ఊహే ఆవిడకి లేదు.

పిల్లల సెలవు ప్రయాణం అనగానే నాకు గుర్తొచ్చేది అంబేడ్కర్ రాసుకున్న 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'. అది 1901. భీమ్‌కి తొమ్మిదీ పదేళ్ళు. గోరేగావ్‌లో ఉద్యోగం చేస్తున్న నాన్న, సెలవులకి రమ్మని ఉత్తరం రాశాడు. సతారాలో ఉన్న పిల్లలు సంబరంగా కొత్త బట్టలు కుట్టించుకున్నారు. మసూర్ స్టేషన్లో దిగారు, తీసుకెళ్ళడానికి ఎవరూ రాలేదు. స్టేషన్ మాస్టర్ వాళ్ళ బట్టలు చూసి ఎవరో పెద్దింటి పిల్లలనుకుని ఆప్యాయంగా పలకరించాడు. మహర్లమని చెప్పగానే ముఖం మారిపోయింది. బళ్ళవాళ్ళెవరూ ఎక్కించుకోలేదు. చివరికి రెట్టింపు కిరాయికి ఒకడు ఒప్పుకున్నాడు, ఆ బండి కూడా పిల్లలే తోలుకోవాలి. వెంట తిండి ఉన్నా తాగడానికి నీళ్ళు దొరక్క, రాత్రంతా తినకుండానే గడిపారు. మా అబ్బాయికి ఇప్పుడు తొమ్మిదేళ్ళు. వాడికీ కొత్త చొక్కాలు కొనాలి.

బండి విషయానికొస్తాను. రాత్రి బండి వద్దని నేను పట్టుబట్టాను. కృష్ణా ఎక్స్‌ప్రెస్ పొద్దున్నే ఎక్కితే, నిదానంగానైనా పగటి వెలుతురులోనే చీరాల చేరుస్తుంది. తెనాలి దాటాక కిటికీ పక్క సీటు పిల్లలకివ్వాలి. ఆ దారిలో వరసగా వచ్చే స్టేషన్ల పేర్లు చదివితే చాలు, సగం చరిత్ర తెలిసిపోతుంది.

తెనాలి తర్వాత చుండూరు. చాలా ఎక్స్‌ప్రెస్‌లు అక్కడ ఆగవు. పసుపు బోర్డు మీద పేరు క్షణంలో వెనక్కి పోతుంది. 1991 ఆగస్టు 6న ఆ ఊరి చేలల్లో మనవాళ్ళని వెంటాడి చంపారు. ఎనిమిది మంది. శవాలని గోనెసంచుల్లో కట్టి కాలవలో పడేశారు. చనిపోయినవాళ్ళని ఊరి నడుమనే పాతిపెట్టి, ఆ చోటుకి రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నారు. ప్రత్యేక కోర్టు ఆ ఊళ్ళోనే పెట్టాలని కొట్లాడి సాధించుకున్నారు. 2007లో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది.

ఇంకొంచెం ముందుకెళ్తే, బాపట్ల దాటాక, స్టూవర్టుపురం. నేరస్త తెగల చట్టం కింద ఎరుకలవాళ్ళని తెచ్చి, సాల్వేషన్ ఆర్మీ అజమాయిషీలో పెట్టిన సెటిల్మెంటు అది. పుట్టుకే నేరమని చట్టం రాసి, ఆ మనుషుల్ని ఉంచిన చోటికి ఒక తెల్లదొర పేరు పెట్టారు. పిల్లలకి ఆ పేరు సినిమాల వల్ల దొంగల ఊరుగా తెలుసు. మావాడు "టైగర్ నాగేశ్వరరావు వాళ్ళదేనా అమ్మా?" అని అప్పుడే అడిగేశాడు.

తర్వాత చీరాల. ఇక్కడ ఒక సంగతి నన్ను చాలా ఏళ్ళుగా తొలుస్తోంది. చీరాల-పేరాల ఉద్యమం పిల్లల సాంఘికశాస్త్రంలో ఉంది. 1921లో మున్సిపాలిటీ పన్నులు కట్టబోమని, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య పిలుపు మీద జనం ఊరు వదిలిపెట్టి, బయట రామ్‌నగర్ కట్టుకుని దాదాపు పదకొండు నెలలు ఉన్నారు. అది త్యాగం, చదువుకోవాల్సిందే. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపినప్పుడు, బతికినవాళ్ళు ఊరు వదిలి ఇదే చీరాలకి వచ్చారు. చర్చి ఆవరణలో శిబిరం వేసుకున్నారు. తిరిగి ఆ ఊరికి పోమన్నారు. పట్టుమని పది కిలోమీటర్లు లేని దూరం, అయినా వెనక్కి పోలేదు. చీరాలలోనే విజయనగర్ కాలనీ కట్టుకున్నారు. మంచినీళ్ళ చెరువు పాడు చేయొద్దన్నందుకు మొదలైన గొడవ అది. బిందె ఎత్తి ఎదురునిలిచిన మున్నంగి సువార్త పేరు మనకి తెలుసు. దళిత మహాసభ పుట్టింది అక్కడి నుంచే. ఒకే పట్టణం, ఊరు వదిలిపోవడాలు రెండు. ఒకటే పాఠంలోకెక్కింది.

ఇదంతా చెప్తే నా సహచరుడు విసుక్కున్నాడు. "నువ్వు సెలవులకి తీసుకెళ్తున్నావా, సెమినార్‌కా? వాళ్ళు చిన్నపిల్లలు, ఇసకలో ఆడుకోనియ్యి" అన్నాడు. తను చుండూరు పక్కనే పెరిగాడు. 1991లో ఐదేళ్ళవాడు. ఆ ఏడాది చీకటి పడితే గుమ్మం దాటనిచ్చేవాళ్ళు కాదట. "నాకు ఆ బాల్యం చాలు, వాళ్ళకెందుకు?" అన్నాడు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. అలాగని నేనూ తగ్గలేదు. ఎందుకంటే మొన్న బళ్ళో ఎవరో అడిగారని మావాడు ఇంటికొచ్చి "మనం ఎవరం?" అన్నాడు. ఆ ప్రశ్న వాడి దాకా వచ్చేసింది. జవాబు మన దగ్గర వినకపోతే, అడిగినవాడి దగ్గరే వింటాడు.

రెండు రోజులు మాట్లాడుకుని ఒక ఒప్పందానికి వచ్చాం. రైల్లో పేర్లు చదువుతాం, అడిగితే అడిగినంత చెప్తాం. విజయనగర్ కాలనీకి ఒక సాయంత్రం వెళ్తాం, అదీ వాళ్ళు సరేనంటేనే. వేటపాలెం సారస్వత నికేతనం నేనొక్కదాన్నే పోతాను. 1918 నాటి గ్రంథాలయం. పాత పత్రికల కట్టల మధ్య నాకు సెలవు, పిల్లలకి శిక్ష. మిగతా రెండున్నర రోజులూ సముద్రానివే. ఆ రెండున్నర రోజుల్లో నేను ఏ పాఠమూ చెప్పకూడదు. ఇది తను పెట్టిన షరతు, ఒప్పుకున్నాను.

బస దగ్గర కథ వేరు. సూర్యలంకలో టూరిజం రిసార్టు ఉంది గానీ, పండగ రోజుల్లో దొరకడం కష్టం. ఇంటిభోజనం పెట్టే కాటేజీ అంటూ ఎవరో నంబరిస్తే ఫోన్ చేశాను.

"ఫ్యామిలీయేనా మేడమ్?"

"ఫ్యామిలీయేనండి. ఇద్దరు పిల్లలు."

"ఇంటిపేరేంటండీ?"

చెప్పాను. మా ఇంటిపేరు మూడు కులాల్లో ఉంది, పాపం ఆయనకి పని జరగలేదు.

"అంటే... మీరేమవుతారండీ?"

"లెక్చరర్ని అవుతానండి."

కాసేపు మాట లేదు. తర్వాత రూములు నిండిపోయాయేమో కనుక్కుని చెప్తానన్నాడు. ఇవాళ్టికి తొమ్మిది రోజులు. చివరికి చీరాల ఊళ్ళోనే మామూలు లాడ్జిలో గది తీసుకున్నాం. ఆధార్ చూపిస్తే తాళం ఇస్తారు. వాడరేవు అక్కడి నుంచి ఆటోలో దగ్గరే.

కుర్రాళ్ళకి ఒక మాట. సూర్యలంక, రామాపురం, వాడరేవు మూడుచోట్లా తరచూ విద్యార్థులు మునిగిపోతున్నారు. సరదాగా కనిపించే అలే లోపలికి లాగేస్తుంది. పోలీసు తాడు దాటొద్దు. అక్కడి మత్స్యకారుల్ని అడగండి, ఏ చోట లోతు మారుతుందో వాళ్ళకి తెలిసినంతగా ఏ బోర్డుకీ తెలీదు. మా పిల్లలకి మోకాలి లోతు దాటొద్దని ఇప్పట్నుంచే చెప్తున్నాం. ఆరేళ్ళది "ఎవరి మోకాలు?" అని అడుగుతోంది.

చీరాల మిత్రులెవరైనా ఉంటే ఇన్‌బాక్స్‌లో రెండు సంగతులు చెప్పండి. విజయనగర్ కాలనీలో ఆ రోజుల సంగతులు చెప్పే పెద్దవాళ్ళని ముందుగా అడగకుండా కలవడం బాగోదు, ఎవర్ని అడగాలి? రెండోది, వాడరేవు దగ్గర ముళ్ళు తక్కువుండే చేప ఎక్కడ వండిపెడతారు? మావాడికి ముళ్ళు తీసుకోవడం ఇంకా రాదు.