డ్రాగనెక్కిన రాజశేఖరం

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో చుట్టూ అందరూ గ్రూప్స్ పరీక్షల పుస్తకాలు ముందేసుకుని కూర్చుంటే, నేను ‘ఫోర్త్ వింగ్’ చదివాను. రెబెకా యారోస్ రాసిన ఈ 2023 నాటి నవల నచ్చిందా అంటే... సగం.

ఎముకలు ఇట్టే విరిగే పిల్ల వయొలెట్. సైనిక కళాశాలలోని డ్రాగన్ రౌతుల విభాగంలో చేరాలంటే సన్నటి రాతి వంతెన దాటాలి, జారితే ప్రాణమే పోతుంది. ఆ పేజీలు ఊపిరాడనివ్వలేదు. అశోక్‌నగర్ హాస్టళ్లలో కటాఫ్ కోసం ఏళ్లు గడిపేవాళ్లకి ఆ వంతెన గురించి వేరే చెప్పక్కర్లేదు. టైర్న్ అనే నల్ల డ్రాగన్ విసుర్లయితే మరీ ముచ్చట.

ఇక హీరో జేడెన్. పొగరు, అందం, లోపల దాచుకున్న గాయం... ఇతన్నెక్కడో చూశానే! యద్దనపూడి నవల ‘సెక్రటరీ’లోని రాజశేఖరమే కారు దిగి డ్రాగనెక్కాడు. కాకపోతే అందులో నాయిక జయంతి ఆత్మాభిమానంతో అతన్ని కాస్త దూరంలోనే నిలబెట్టేది. వయొలెట్ కత్తి విసరడంలో దిట్టే గానీ, అతను కనబడితే చాలు, కండల వర్ణన మొదలుపెడుతుంది. యుద్ధం ముంచుకొస్తుంటే ఇదేం తీరిక తల్లీ!

ఆ పేజీలు గబగబా తిప్పేశాను. అయినా నారాయణగూడలో బస్సు దిగుతూనే రెండో భాగం ‘ఐరన్ ఫ్లేమ్’కి ఆర్డర్ పెట్టాను. టైర్న్ కోసమేనని ఇంట్లో చెప్పాను, ఎవరూ నమ్మలేదు.