తనారో మలుపులో నెబ్బియోలో

ఇటలీ వాయవ్య కొసన, లిగూరియన్ ఆల్ప్స్ పర్వతాలలో పుట్టిన నెగ్రోనే, తనరెల్లో అనే రెండు ఏరుల కలయికతో ఏర్పడే తనారో నది, పియెమోంతే ప్రాంతంలో 276 కిలోమీటర్లు పారి పో నదిలో కలుస్తుంది. ఓర్మేయా, గరేస్సియో, చేవా ఊళ్ళ మీదుగా అది దిగివచ్చే పై లోయ ఎత్తైనది, చల్లనిది కావడం వల్ల ఆలస్యంగా పండే ద్రాక్షకు అక్కడ చోటు లేదు.

కెరాస్కో దగ్గర స్తూరా నదిని కలుపుకొని తనారో ఈశాన్యానికి తిరుగుతుంది. పూర్వం ఇది బ్రా పట్టణం మీదుగా నేరుగా ఉత్తరానికి పారేది. తూర్పున పల్లంలో ఉన్న మరో ప్రవాహం నేలను వెనక్కి కోసుకుంటూ వచ్చి దీని నీటిని తనవైపు మళ్ళించుకుంది. భూగోళశాస్త్రంలో నదీ చౌర్యం అనే ఈ పరిణామం వల్ల నది లోతుగా కోసుకుపోగా, ఉపనదులూ దాన్ని అనుసరించి కుడి ఒడ్డున లాంగే కొండలను నిట్టవాలుగా చెక్కాయి. ఈ కొండల్లో తయారయ్యే బరోలో వైన్ గొప్పతనాన్ని పీపాలకూ పనితనానికీ ఆపాదించేవారు ముందుగా గుర్తించవలసింది ఈ మలుపునే.

ఆ వాలులకెక్కిన ద్రాక్ష నెబ్బియోలో. 1266 నాటి పత్రంలోనే కనిపించే ఈ పేరు పొగమంచుకు ఇటాలియన్ మాటైన నెబ్బియా నుంచి వచ్చిందని చాలామంది భావిస్తారు. ముందుగా చిగురించి, అక్టోబరులో గాని కోతకు రాని ఈ రకానికి దక్షిణపు ఎండ తగిలే వాలే కావాలి. దీని వైన్ రంగు పలుచన, పులుపు ఎక్కువ. గులాబీ, తారు వాసనలు దీని గుర్తులు. ద్రాక్ష తొక్కల నుంచి వచ్చే టానిన్లనే పదార్థాల వల్ల నేరేడు పండు తిన్నట్టు నోరంతా వగరు పట్టేస్తుంది. ఆ వగరు మెత్తబడడానికే ఈ ద్రాక్షతో చేసే బరోలోను 38 నెలలు, అందులో 18 నెలలు చెక్క పీపాల్లో, నిల్వ ఉంచాలని నిబంధన.

తల్లోరియా ఏరు లోయకు పడమర లా మొర్రా, బరోలో గ్రామాల వైపు నీలి బూడిదరంగు సున్నపు బంకమట్టి ఉంటుంది, అక్కడి వైన్ సువాసనతో కాస్త త్వరగా మెత్తబడుతుంది. తూర్పున సెర్రాలుంగా వైపు ఇసుకరాయి కలిసిన పాత పొరలపై పండినది బిరుసుగా ఉండి ఏళ్ళ తరబడి ఓపిక పట్టమంటుంది. ఇది స్థూల విభజన మాత్రమే. ఒకప్పుడు తీపి మిగిలి ఉండే ఈ వైన్‌ను 19వ శతాబ్దంలో తీపి లేనిదిగా మార్చిన ఘనత ఫ్రెంచివాడు ఊదార్‌దా, ఇటాలియన్ స్తాల్యేనోదా అన్న వివాదం తేలలేదు. గ్రింజానే గ్రామ మేయరుగా ఉన్న రాజనీతిజ్ఞుడు కావూర్ పేరు ఈ కథలో తప్పక వస్తుంది.

ఆల్బా పట్టణం దాటాక బర్బరెస్కో గ్రామపు బురుజు నదిపైకే తొంగిచూస్తుంది. నది సామీప్యం వల్ల ఇక్కడ నెబ్బియోలో పంట కొంత ముందే పక్వమవుతుంది, దానితో చేసే బర్బరెస్కో వైన్ నిల్వకు 26 నెలలు చాలు. 1894లో దొమీజియో కవాజ్జా సహకార సంఘం పెట్టేదాకా ఈ ద్రాక్ష చాలావరకు బరోలో తయారీదారులకే అమ్ముడుపోయేది. ఎదుటి ఒడ్డున రొయెరో ఇసుకనేలల్లో అదే నెబ్బియోలో మరింత తేలికపడుతుంది.

ఆస్తీ చేరేసరికి బార్బెరా ద్రాక్షదే రాజ్యం. 1994 నవంబరు వరదలో మునిగిన అలెస్సాంద్రియాను దాటి, బస్సిన్యానా దగ్గర తనారో పో నదిలో కలిసేచోట చుట్టూ ఉన్నది మైదానమే. నెబ్బియోలోకు కావలసిన వాలు అక్కడ లేదు.