చిలకమ్మకు ఈడొచ్చింది!

‘ఇన్నాళ్లూ ఎంత బుద్ధిగా ఉండేదో! ఇప్పుడు వేలు పెడితే చాలు, కొరికేస్తోంది. మీరే ఉంచేసుకోండి...’ అంటూ పక్కింటివాళ్లు పంజరంతో సహా మా ఇంట్లో దింపేశారు. అందులో ఉన్నది బడ్జీ. మనవాళ్లు లవ్‌బర్డ్ అనేది ఎక్కువగా దీన్నే. ఆస్ట్రేలియా నుంచొచ్చిన బుల్లి చిలుక. మన రామచిలుకనైతే ఇలా పంజరంలో పెట్టడం వన్యప్రాణి సంరక్షణ చట్టం-1972 ప్రకారం నేరం.

దాని మొహం చూడగానే సంగతి అర్థమైంది. పిల్లగా ఉన్నప్పుడు ముక్కుదాకా ఉండే నల్లచారలు ఇప్పుడు నుదుటిమీద లేవు. మూడు నాలుగు నెలల వయసులో తొలిసారి ఈకలు రాలినప్పుడే అవి పోతాయి. కనుపాప చుట్టూ తెల్లటి వలయం వచ్చింది. ముక్కుమీది మెత్తటి పట్టీ గోధుమరంగుకి తిరిగింది. అంటే ఆడపిట్ట. మగదానికైతే సాధారణంగా నీలంరంగులో ఉంటుంది. ఇది జబ్బూ కాదు, పొగరూ కాదు. ఈడొచ్చిందంతే!

ఈ వయసులో ఆడబడ్జీ గూటికోసం వెతుక్కుంటుంది. కనిపించిన చెక్కనల్లా కొరుకుతుంది. పంజరం తన ఇల్లనుకుంటుంది. అందులో చెయ్యి పెడితే ఊరుకుంటుందా? మగది మాత్రం తక్కువ తిందా... అద్దంలో తన బొమ్మకే గింజలు కక్కి తినిపించబోతుంది!

అందుకే మేం లోపల చెయ్యి పెట్టడం మానేశాం. కొరుక్కోవడానికి వేపపుల్లలు ఇచ్చాం. తలుపు తీసి, అరచేతిలో కొర్రలు పోసుకుని బయట కూర్చుంటే, తనకు నచ్చినప్పుడు వచ్చి వాలుతోంది.

‘బయట వదిలేస్తే హాయిగా బతుకుతుందిగా’ అంటారు కొందరు. పంజరంలోనే పుట్టిన పిట్టకు తిండి వెతుక్కోవడం, కాకుల్నించి తప్పించుకోవడం ఏం తెలుసు? దానికది స్వేచ్ఛ కాదు, చావు. పిల్లప్పుడు ముద్దుచేసిన ఇల్లే, పెద్దయ్యాకా భరించాలి మరి!