పన్ను లేని బుట్ట

కెనడాలో 2009లో మొదలైన టీఎఫ్‌ఎస్‌ఏకి పేరు సేవింగ్స్ అకౌంటే గానీ, నిజానికి అదొక బుట్ట. అందులో మన ఫిక్సెడ్ డిపాజిట్ లాంటి జీఐసీ పెట్టుకోవచ్చు, షేర్లూ పెట్టుకోవచ్చు. పెరిగినదాని మీద ఇక్కడ పన్ను ఉండదు. 2025కి పరిమితి 7,000 డాలర్లు; వాడుకోని పాత పరిమితులు కూడా కలుస్తాయి. వాటినీ మించితే, మించినదాని మీద నెలకి ఒక శాతం కట్టాలి.

ఏది పెట్టాలన్నది లెక్కల ప్రశ్నంటారు మిత్రులు. నాకు మాత్రం అది అమ్మ ప్రశ్న. రాజమండ్రిలో ఒక్కతే ఉంటుంది. అర్ధరాత్రి ఫోనొస్తే టికెట్ కొనాల్సిన డబ్బు, మార్కెట్ పడిపోయిన రోజున తెగనమ్ముకోవాల్సిన డబ్బు కాకూడదు. అందుకే ఆ భాగం ఎప్పుడైనా తీసుకోగల జీఐసీలో ఉంచాను. తీసినంత మేర చోటు వచ్చే జనవరిలో మళ్ళీ వస్తుంది. ఇరవై ఏళ్ళు ముట్టుకోనిదేమో ఇండెక్స్ ఫండులో ఉంది. షేర్లలో పోగొట్టుకుంటే ఆ చోటు తిరిగి రాదు, నష్టాన్ని పన్ను లెక్కల్లో చూపించుకోవడానికీ లేదు. కాబట్టి ఏ ఒక్క కంపెనీ మీదా పందెం కాయలేదు.

"వడ్డీ ఎంతొస్తోందిరా?" అంటుంది అమ్మ.

"తక్కువే."

"మరి అందులో ఎందుకూ?"

దానికి మాత్రం ఇంతవరకూ జవాబు చెప్పలేదు.